సున్నా పాయింటు ఎనిమిది

సింగ్ నగర్ మురుగు శుద్ధి కేంద్రంలో
మూడో నంబరు పంపు వెనక రేకుల షెడ్డు.
అందులో నాకో ప్లాస్టిక్ కుర్చీ, ఓ రిజిస్టరు,
చేపల తొట్టంత తొట్టి.
చేపల్లేవు.
నల్లటి కార్బన్ గుడ్డ మీద
కంటికి ఆనని జనం కాపురముంటున్నారు.

నిన్న రాత్రి ఊరు కడిగిందీ, పుక్కిలించిందీ,
వదిలించుకున్నదీ అంతా
వాళ్లకి పొద్దుటి టిఫిను.
తిన్నాక చేతులు దులుపుకున్నట్టు
ఎలక్ట్రాన్లు దులిపేస్తారు.
అవి తీగ పట్టుకుని అవతలికి నడవాలి,
ఒంటరిగా నడవలేవు, కాస్త చెయ్యందించాలి:
సున్నా పాయింటు ఎనిమిది వోల్టులు.
గోడగడియారం సెల్లులో సగానికి ఓ పిసరు ఎక్కువ.
ఆపాటి సాయానికే
నికెల్ జల్లెడ మీద
ఆవగింజంత బుడగ.
హైడ్రోజన్.

నేను రాసేది మిల్లీ ఆంపియర్లే గాని
చదువుకుంటే ఊరి పంచాంగం.
సోమవారం గీత పైకి లేస్తుంది,
ఆదివారం బిర్యానీ గిన్నెలు కడిగిన నీళ్లు.
ఆవకాయ రోజుల్లో ఉప్పు;
జాడీలూ చేతులూ కడిగిన ఉప్పుతో
కరెంటుకి కాళ్లొస్తాయి.
దసరాకి సత్రాలు నిండితే గీత కొండెక్కుతుంది
(దీపం కాదు గనక కొండెక్కడం మంచిదే).
వాన పడిందా, హాస్టలు సాంబారంత పలచన.

పంపు ఆపరేటరు గాబ్రియేలు లోపలికి రాడు.
గడప దగ్గరే నిలబడి
ముందు రెండు కిటికీలూ తెరిపిస్తాడు.
ఒకప్పుడు నడుముకి తాడు కట్టుకుని
మ్యాన్‌హోళ్లలోకి దిగినవాడు.
"ఇది ఏం వాసనొచ్చుద్దమ్మా?"
దీనికి వాసనుండదు బాబాయ్.
"కంపు కొట్టినంతసేపూ భయం లేదు.
కంపు ఆగిందా, తాడు లాగెయ్యాల.
పటమటలో మా యోహాను
'ఇప్పుడు బానే ఉందన్నా' అన్నాడు లోపల్నించి.
అదే ఆఖరి మాట."
ఆ గాలి వేరు, ఈ గాలి వేరు అని
బోర్డు మీద గీసి చూపించాను.
బొమ్మ చూశాడు. కిటికీ చూశాడు.

ఆ సెప్టెంబర్లో బుడమేరు
ఎవర్నీ అడక్కుండా వచ్చింది.
నాలుగు రోజులు మేం డాబా మీద
పాల ప్యాకెట్ల కోసం ఆకాశంకేసి చూస్తూ.
నీళ్లు తీసేసరికి తొట్టి ముక్కలు.
కార్బన్ గుడ్డ ఎవరి గేటుకో చుట్టుకుని ఎండిపోయింది.
రెండేళ్ల కాపురం.
గుంటూరు నుంచి సారు ఫోను:
"పుణె నుంచి కల్చరు తెప్పిద్దాం, నెల పడుతుంది."

మా వంటింట్లో జానెడు ఒండ్రు.
అమ్మ పారతో ఎత్తిపోస్తూ తిడుతోంది
బుడమేరునో, మున్సిపాలిటీనో, నన్నో.
పొయ్యిగట్టు కింద ఒకచోట మాత్రం
నల్లగా, వెన్నలా మెత్తగా,
కుళ్లిన కోడిగుడ్డు కంపు.
గాబ్రియేలు మాట తిరగేసి విన్నాను:
కంపు ఉందంటే ఎవరో బతికే ఉన్నారు.
హార్లిక్స్ సీసా నిండా ఎత్తుకున్నాను.
"అందరూ బురద పారబోస్తుంటే
నువ్వు దాచుకుంటావేంటే?"

కొత్త తొట్టి, కొత్త గుడ్డ, మా ఇంటి బురద.
మొదటి వారం సున్నా.
రెండో వారం సున్నా.
సున్నాలు గుండ్రంగా చుట్టడం కూడా ఉద్యోగమే.
పదిహేడో రోజు రాత్రి మూడు దాటాక
మీటరు ముల్లు దగ్గినట్టు కదిలింది.
జల్లెడ మూల
ఒకే ఒక్క బుడగ,
వదల్లేక అంటుకుని ఉంది.
వదిలింది.

ఆ వేళప్పుడు ఎవరికి ఫోను చేయను?
పంపు దగ్గర ఎర్రగా ఓ చుక్క వెలుగుతోంది.
బీడీ ఆర్పి రా బాబాయ్, అన్నాను.
నేలకి రెండుసార్లు రుద్ది మరీ ఆర్పాడు.
మొదటిసారి గడప దాటాడు.
కొలగొట్టం పైకొసన
నీళ్లు ఖాళీ చేసిన ఆ వేలెడు చోటుని
వంగి చాలాసేపు చూశాడు.
"ఇంతేనా?"
ఇంతే.
"దేనికి పనికొచ్చుద్ది?"
ఇవాళ్టికి ఒక దీపానికి కూడా చాలదు.
తలూపాడు.
ముక్కు దగ్గర పెట్టి గట్టిగా పీల్చాడు.
తర్వాత లేచి
తెరిచే ఉన్న కిటికీని
ఇంకాస్త తెరిచాడు.